వెళ్ళొస్తానన్న మాట

పాత చర్చి వెనక సమాధుల తోట ఉంది కదా, దాని ఉత్తరపు గోడ పక్క సందులోంచి చీకటి పడ్డాక ఎవరూ నడవరు. నిజానికి అదే దగ్గరి దారి. అయినా చుట్టూ తిరిగి, కాళ్ళీడ్చుకుంటూ పోతారు గానీ అటు తొంగిచూడరు. నేను దెయ్యాల్ని నమ్మను. అయినా అటు వెళ్ళను. నమ్మకం వేరు, కాళ్ళు వేరు.

అక్కడ రెండు గొంతులు వినిపిస్తాయి. రెండూ ఆడవాళ్ళవే. ఒకటి అడుగుతుంది — "వచ్చాడా?"

తర్వాత రెండోది నెమ్మదిగా చెబుతుంది — "రాలేదు."

అంతే. రొట్టెల బట్టీలో పనిచేసే అతను అది విని, జ్వరం తెచ్చుకుని మంచమెక్కాడు. మా పెదనాన్న అదంతా గాలి అని కొట్టిపారేశాడు. గాలి ఈల వేస్తుంది గానీ, ప్రశ్న వేసి జవాబు కూడా చెబుతుందా అని అడిగితే, తువ్వాలు దులుపుకుని లేచి వెళ్ళిపోయాడు. అదీ చుట్టూ తిరిగే దారినే.

అసలు సంగతి నాకు చెప్పింది గడియారాల మేస్త్రీ. మా గోడ గడియారం బాగుచేస్తూ, కంటికి భూతద్దం తగిలించుకుని, తల ఎత్తకుండా చెప్పాడు. చర్చి గోపురం మీది పెద్ద గడియారానికి కీ ఇచ్చేది ఆయనే.

ఇది జరిగేనాటికి ఆయన భార్య పోయి ఏడాది దాటింది. ఆమెను పూడ్చింది ఆ ఉత్తరపు గోడ దగ్గరే. ఆ రోజు అందరూ తలో పిడికెడు మట్టి వేసి కదులుతుంటే, ఆయన నోటి వెంట ఒక మాట జారింది — "వెళ్ళొస్తా."

కావాలని అన్నది కాదు. కాపురం పెట్టిన నాటి నుంచీ రోజూ పొద్దున పనిసంచీ భుజాన వేసుకుని గుమ్మంలో అనే మాటే. "వెళ్తా" అని ఇంట్లోంచి ఎవరు బయల్దేరతారు? పక్కనున్న వదిన మాత్రం మోచెయ్యి పట్టుకుని గుంజింది. "ఇక్కడ అలా అనకూడదు మరిదీ... ఎదురుచూస్తారు."

వెళ్ళొస్తానన్న మనిషి మళ్ళీ వెళ్ళలేదు. వెళితే ఆ రాయి మీద పేరు చదవాలి. చదివితే ఆమె లేదన్నది నిజమైపోతుంది. గడియారానికి కీ ఇవ్వడానికి కూడా చర్చి ముందు తలుపు నుంచే వెళ్ళేవాడు. తోట వైపు కిటికీ రాగానే తల తిప్పుకునేవాడు. ఇంట్లో ఒక్కడే. రాత్రిళ్ళు మాట్లాడేందుకు మనిషి లేక, బాగుచేయడానికి తెచ్చిన గడియారాలకు కీ ఇచ్చి, ఇచ్చినవాటికే మళ్ళీ ఇచ్చేవాడట.

ఒక సాయంత్రం పెద్ద గడియారం ఆగిపోయింది. తెల్లారితే చర్చిలో పెళ్ళి. ఫాదరుగారు కబురు పెట్టారు. తీరా వెళితే ముందు తలుపులకు వార్నీషు వేసి ఉంది, తడి ఆరలేదు.

"వెనక తలుపు తీసి ఉంచాను, అటు నుంచి వెళ్ళు నాయనా," అన్నారు ఫాదరుగారు.

అటు నుంచి అంటే... తోటలోంచి.

కళ్ళు నేల మీదే పెట్టి నడిచాడు. మెట్లెక్కాడు. పళ్ళచక్రంలో పావురం ఈక ఇరుక్కుని ఉంది. అది లాగి, చక్రాలన్నీ తుడిచి, లోలకం కదిపి దిగేసరికి ఊరు సద్దుమణిగింది. చేతిలో టార్చి గుడ్డిగా వెలుగుతోంది.

తోట మధ్యకి వచ్చాడు. అప్పుడు —

"రాలేదమ్మా."

అక్కడే ఆగిపోయాడు.

"చెప్పానుగా... రాలేదు."

గోడ వైపు నుంచే. టార్చి అటు తిప్పాడు. ఒక రాతి పలక అంచున, శాలువా కప్పుకుని, ఎవరో కూర్చుని ఉన్నారు. వెలుగు మొహాన పడ్డా రెప్ప కదల్లేదు.

గుర్తుపట్టాడు. తోట కాపలావాడి తల్లి. చూపు పోయి చాలాకాలమైంది.

"మామ్మా! నువ్వా?" పోయిన ప్రాణం తిరిగొచ్చి నవ్వేశాడు. "ఊరు ఊరంతా హడలిపోయేది నీకా?"

"ఎవరు నాయనా?"

"గడియారాల మేస్త్రీని. ఈ చీకట్లో ఏం చేస్తున్నావు?"

"నాకు చీకటేమిటి, వెలుగేమిటి... మా ముసలాయన దగ్గర కాసేపు కూర్చుంటాను. పగలైతే వచ్చేపోయే వాళ్ళంతా అయ్యో పాపం అంటారు. విసుగు. అందుకే మా అబ్బాయి నిద్రపోయాక గోడ పట్టుకుని వస్తాను."

"బాగానే ఉంది. అడిగేదీ నువ్వే, జవాబు చెప్పేదీ నువ్వేనా?"

ముసలావిడ మొహం చిట్లించింది. "నేనెందుకు అడుగుతాను? నా మనిషి నా దగ్గరే ఉన్నాడుగా. నేను జవాబే చెబుతాను." చెయ్యి చాచి పక్క రాయిని తడిమింది. గొంతు తగ్గించింది. "అడిగేది ఈవిడ. వచ్చినప్పట్నుంచీ ఒకటే గొడవ. ఎవరో వెళ్ళొస్తానని చెప్పి వెళ్ళాడట..."

టార్చి వెలుగు ఆ రాయి మీదికి జరిగింది. దాని మీద భార్య పేరు చదివాడు.

రాయి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"వచ్చాను."

పైన గడియారం గంట కొట్టింది. ఏడాదిగా రాని ఏడుపంతా ఆయన అక్కడే ఏడ్చాడు. ముసలావిడ అడ్డుచెప్పలేదు, అయ్యో పాపం అని కూడా అనలేదు.

ఇప్పుడు వారం వారం కీ ఇచ్చాక అక్కడ కూర్చుని వస్తాడట. లేచేటప్పుడు "వెళ్ళొస్తా" అనే అంటాడట.

"అయితే ఆ గొంతులు ఆగిపోయినట్టేగా?" అన్నాను ధైర్యం తెచ్చుకుని.

మేస్త్రీ భూతద్దం తీసి మొదటిసారి నా వైపు చూశాడు.

"లేదు. మొన్న నాకు కాస్త ఆలస్యమైంది. గోడ అవతల ఉండగానే వినిపించింది... మామ్మ గొంతే. 'వచ్చాడా?' అని అడుగుతోంది. పాపం, ఆవిడకి నేను అలవాటైపోయాను."

"మరి... జవాబు?"

ఆయన మా గడియారం మూత బిగించాడు. చెవి దగ్గర పెట్టుకుని కాసేపు విన్నాడు.

"'వస్తాడులే,' అంది. కాపురమంతా విన్న గొంతు... నాకు తెలియదా?"