ఎండ మాత్ర

రాయ్‌పూర్‌లో మే నెల మిట్టెండకి బుద్ధున్న కాకి కూడా మిద్దె మీద వాలదు. అలాంటి ఎండలో నూకరత్నం కావాలని కూర్చునేది. టిఫిను తిని, డాక్టరమ్మ రాసిన మాత్ర వేసుకుని, రెండు గంటలు ఆగి, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, పొడుగు చేతుల జాకెట్టు మోచేతుల పైదాకా మడిచి రైల్వే క్వార్టర్స్ మిద్దె ఎక్కేది.

అది ఎనభైల్లో వచ్చిన కొత్తరకం వైద్యం. మాత్ర లోపల పనిచేస్తుంటే, పైనుంచి ఎండ సోరియాసిస్ మచ్చల్ని మాన్పుతుందట. కళ్ళకు మాత్రం సాయంత్రం దాకా అద్దాలు తీయకూడదు. చిన్నప్పటి నుంచి తారు వాసన లేపనాలు పూసి పూసి విసిగిన రత్నం, మింగే మందు వచ్చిందని వినగానే డాక్టరమ్మకు రెండు చేతులా దండం పెట్టింది.

ఒక ఆదివారం టీవీ యాంటెన్నా తిప్పడానికి ఒకబ్బాయి మిద్దెక్కాడు. పేరు సూరిబాబు. వాగన్ షాపులో ఫిట్టరు. నాయనమ్మ అప్పలనరసమ్మతో కింది క్వార్టరులోకి కొత్తగా దిగాడు. రత్నాన్ని చూడగానే గిరుక్కున వీపు తిప్పేశాడు.

"ఏటండీ, తీగ మీ కుర్చీ కింద పడిపోనాది. జర పక్కకి జరుగుతారా?"

"నాతో మాటాడతన్నారా, గోడతోనా?"

"మీతోనే. ఇలాగైతే నాకు ఆరామ్‌గా ఉంటాది."

రత్నానికి ఒళ్ళు మండింది, అది ఎండ వల్ల కాదు. మచ్చలు చూసి మొహం తిప్పుకునేవాళ్ళు ఆమెకు కొత్త కాదు. కానీ ఆ మాట మొహమ్మీదే, అదీ వీపు పెట్టి చెప్పినవాడు ఇతనే.

"నేను జరగను. ఈ మిద్దె మీ ఒక్కరిదీ కాదు."

కింద నుంచి అప్పలనరసమ్మ కేక వేసింది. "ఒరే సూరీ, బొమ్మ రాలేదురా."

"రాదే నాయనమ్మా. ఇక్కడ సిగ్నల్ శానా కోపంగా ఉంది."

రత్నం నవ్వు ఆపుకోలేకపోయింది. తరవాత తన మీద తనకే కోపం వచ్చింది.

ఆ రోజు నుంచి ఆ యాంటెన్నాకి ఏ గాలి సోకిందో, ఆమె మిద్దె మీద ఉన్నప్పుడల్లా చెడిపోయేది. సూరిబాబు వీపు పెట్టే కబుర్లు చెప్పేవాడు. వాగన్ కింద పడుకుని పనిచేస్తే కనిపించే లోకం గురించి, నాయనమ్మ మాగాయ గురించి, ఇక్కడి హిందీలో తను పలికే శ్రీకాకుళం గురించి. అంత అసహ్యమైతే రోజూ ఎందుకొస్తున్నట్టు? రత్నానికి అర్థం కాలేదు. ఆ మెట్ల మీద చెప్పుల చప్పుడు కోసం చెవులు రిక్కించడం ఎప్పుడు మొదలైందో అదీ తెలియలేదు.

ఒకరోజు అతను వెనక్కి చెయ్యి చాపి ఆకు పొట్లం అందించాడు. విప్పితే నందివర్ధనం పువ్వులు.

"మా నాయనమ్మ ఇమ్మంది. కళ్ళ మీద పెట్టుకుంటే సలవ. ఇన్నాళ్ళయినా తగ్గలేదంటే మీ కళ్ళకలక బాగా ముదిరిపోనట్టుంది."

ఆ వేసవి కాలనీలో సగంమందికి కళ్ళకలక. కలక వచ్చినవాళ్ళ కళ్ళలోకి చూస్తే చాలు, అంటుకుంటుందని అందరి నమ్మకం. రత్నం పకపకా నవ్వింది. అంతలోనే నవ్వు ఆపేసింది. అంటే ఇన్నాళ్ళూ ఇతను తన చేతులు చూడనేలేదు. ఇప్పుడు చూస్తాడు.

"నాకు కళ్ళకలక లేదు. ఇటు తిరగండి. నాకున్నది ఇదీ."

సూరిబాబు తిరిగాడు. పొట్టు రేగిన మోచేతుల్ని నిదానంగా చూశాడు.

"నొప్పా?"

"దురద. ఇది ఎవరికీ అంటుకోదు."

"అంటుకుంటాదా అని నేను అడగనేదు కదండీ." తన నెత్తి మీద తనే మొట్టుకున్నాడు. "అయితే ఇన్నాళ్ళూ మిమ్మల్ని ఒదిలేసి ఆ పిట్టగోడని చూసినానా. ఎంత బేవకూఫ్‌ని."

జూన్‌లో వాన దిగింది. ఊరంతా హాయిగా ఊపిరి పీల్చుకుంటే రత్నం మాత్రం మబ్బుల్ని తిట్టుకుంది. ఎండ లేక మచ్చలు మోకాళ్ళకూ పాకాయి. డాక్టరమ్మ మందు మార్చింది. ఈ మాత్ర వారానికి ఒక్కసారే, మరిచిపోయి కూడా రోజూ వేసుకోకూడదు. రక్తపరీక్షలు చేయించుకోవాలి. ఇది వాడినన్నాళ్ళూ, ఆపేశాక కొన్నాళ్ళూ కడుపు రాకూడదని తండ్రి దానయ్య ఎదుటే ఖచ్చితంగా చెప్పింది.

మందు పనిచేసింది. మచ్చలు పలచబడుతున్న రోజుల్లోనే అప్పలనరసమ్మ మనవణ్ణి వెంటబెట్టుకుని పిల్లనడగడానికి వచ్చింది.

"మాఘంలో ముడెట్టేద్దాం దానయ్యా. నా సేతుల్లో మునిమనవణ్ణి ఆడించి మరీ పోతాను."

దానయ్య కూతురి పక్కకి వంగి గొంతు తగ్గించాడు. "మందు మాట ఎత్తకమ్మా. పెళ్ళయ్యాక సూసుకుందాం."

రత్నం సూరిబాబు వంక చూసింది. చెబితే ఈ మనిషి దక్కకపోవచ్చు. చెప్పకపోతే ఈ ముసలమ్మ ఆశని మోసం చేసినట్టే. అంతా చెప్పేసింది. మాత్ర సంగతి, పిల్లల సంగతి, ఆగాల్సిన సంగతి.



"నాను ఆగుతాను," అన్నాడు సూరిబాబు. "పురోహితుడు కాదు నాయనమ్మా, మాకు డాక్టరమ్మే ముహూర్తం పెడతాది."

"నువ్వు ఊరుకోరా. నానింకా బతికే ఉన్నాను."

అప్పలనరసమ్మ లేచి వచ్చి రత్నం పక్కన కూర్చుంది. ఆమె జాకెట్టు చేతిని తనే పైకి మడిచింది. సంచిలోంచి ఆకుపచ్చ గాజులు తీసి, మచ్చల మీద తన వేళ్ళు ఆనుతున్నా పట్టించుకోకుండా ఒక్కొక్కటే తొడిగింది. డాక్టరు కాకుండా బయటి మనిషి ఆ చేతిని పట్టుకుని ఎన్నేళ్ళయిందో. రత్నానికి కన్నీళ్ళు ఆగలేదు. మందు కనిపెట్టిన ఊరూ పేరూ తెలియని మనుషులకూ, ఈ ముసలి చేతులకూ కలిపి మనసులోనే మొక్కుకుంది.

"ఏడవకే గుంటా," అంది అప్పలనరసమ్మ. "నీ వైద్యం అయ్యేదాకా నాను సావనులే. నువ్వు మందు మానకు."