కుడి చక్రం మోత

కీచ్...

మళ్లీ అదే!

మెకానిక్ మోటార్ సైకిల్ యాక్సిలరేటర్ ఇంకాస్త మెలిపెడతాడు. వాన మొహాన కొడుతోంది. ముందు తెల్ల కారు. దాని వెనక రెండు ఎర్ర లైట్లు. అంతకు మించి ఏమీ కనపడదు.

కనపడక్కర్లేదు. వినపడితే చాలు.

మలుపు... కారు ఎడమకి తిరుగుతుంది. గర్ర్ర్...

కుడి ముందు చక్రం. బేరింగ్ పోయింది.

బ్రేకు పడుతుంది. కీచుమని మొదలై బరబరా గీరుకుంటుంది.

ప్యాడ్ అరిగిపోయి రేకు మిగిలింది. ఇనుము ఇనుమును కొరుకుతోంది.

రెండు జబ్బులూ ఒకే చక్రానికి. ఊళ్లో ఇంకో కారుకి ఈ గొంతు ఉండదు.

పోయిన నెల, ఇలాంటి వానలోనే, షెడ్డులో ఓ కారు కింద పడుకుని ఈ మోత విన్నాడు. బయటికి పరిగెత్తేసరికి కారు లేదు. రోడ్డు మీద పాప ఉంది. తన కూతురు. ఒక చెప్పు కాలికి, ఒకటి ఎక్కడో.

ఆ రాత్రంతా అతన్ని పట్టుకుని ఏడ్చింది తమ్ముడే. ఆ తర్వాత వాడు షెడ్డుకి రావడం తగ్గించాడు. బాబాయి కదా, తట్టుకోలేకపోతున్నాడు అనుకున్నాడు మెకానిక్.

కారు నంబరు చెప్పమంటే గొంతు చెప్తావేంటయ్యా అన్నాడు ఇన్‌స్పెక్టర్. అయినా ఫోన్ నంబరిచ్చాడు. మళ్లీ వినపడితే చెప్పు, వస్తానన్నాడు.

ఇందాకే ఫోన్ చేసి చెప్పాడు మెకానిక్. రైల్వే గేటు వైపు పోతోంది సార్ అని. నేనొచ్చేదాకా వాణ్ణి ఏమీ చెయ్యకు అన్నాడాయన.

నడుముకి వీల్ స్పానర్ ఉంది. ఏమీ చెయ్యకుండా ఎలా?

ఎత్తు రోడ్డు. కారు మూలుగుతూ ఎక్కుతుంది. పైన గేటు వేసేసి ఉంది.

ఆగింది!

మోటార్ సైకిల్ అక్కడే పడేస్తాడు. స్పానర్ ఎత్తి కారు డోర్ లాగుతాడు.

"దిగరా..."

చెయ్యి గాల్లోనే ఆగిపోతుంది.

స్టీరింగ్ మీద తల వాల్చి కూర్చున్నది... తమ్ముడు!

"కొట్టు అన్నయ్యా," అంటాడు వాడు తల ఎత్తకుండా.

గేటు అవతల రైలు పోతోంది.

అది పోయాక తమ్ముడు ముక్కలు ముక్కలుగా చెప్తాడు. ఆ రోజు కస్టమర్ ఇంటి నుంచి కారు షెడ్డుకి తెస్తున్నాడట. చక్రాల్లో మోత వస్తోందన్నారట.

"విప్పే ముందు వినాలని నువ్వేగా నేర్పావు. అద్దం దించి, తల బయటపెట్టి, చక్రం వంకే చూస్తూ వింటున్నా. షెడ్డు దగ్గరికొచ్చి ఎప్పటిలాగే హారన్ కొట్టా. బాబాయి వచ్చాడని పాప ఎదురు పరిగెత్తుకొచ్చింది. నేను... చక్రాన్ని వింటున్నా అన్నయ్యా."

స్పానర్ బరువెక్కుతుంది.

పార్టులు దొరకలేదని కస్టమర్‌కి చెప్పి కారు ఎక్కడో దాచాడట. ఇవాళ ఊరవతల ఇంకో షెడ్డుకి తోలేద్దామని తీశాడట.

"ఇన్నాళ్లూ నీ దగ్గరే ఉందిగా. బాగుచెయ్యలేకపోయావా?"

"ఆ చక్రం ముట్టుకోలేకపోయా."

కింద సైరన్.

మెకానిక్ కళ్ల ముందు పాప. బాబాయి భుజాలెక్కి, వాడి జుట్టే స్టీరింగులా పట్టుకుని. ఎడమకి అంటే ఎడమకి, కుడికి అంటే కుడికి తిరిగేవాడు వెధవ.

ఒకర్ని పోగొట్టుకున్నాడు. ఇంకొకర్నా?

"పో. సగం దిగాక ఎడమ పక్క సందుంది. అందులో దూరిపో."

"అన్నయ్యా..."

"పొమ్మన్నానా!"

కారు గిర్రున వెనక్కి తిరిగి పల్లంలోకి దూకుతుంది.

కీచ్... బరబర...

అప్పుడు తడుతుంది అతనికి. పల్లం. వాన. బ్రేకు!

ఇంతసేపూ జబ్బు విన్నవాడే అదే కారులో పారిపొమ్మన్నాడు.

పరిగెడతాడు. గేరు తగ్గించరా, హ్యాండ్ బ్రేక్ లాగరా అని గొంతు చించుకుంటాడు.

సందు దగ్గర బ్రేకు మోత ఆగిపోతుంది. ఒక్కసారిగా.

మోత ఆగిందంటే... బ్రేకే పోయింది.

కారు సందు దాటేస్తుంది. కింద జీపు అడ్డంగా నిలబడి ఉంది. లైట్ల ముందు ఇన్‌స్పెక్టర్. ఒక చెయ్యి ఆపమంటోంది. రెండో చేతిలో రివాల్వర్. కారు ఆయన మీదికే...

"కాల్చొద్దు సార్! వాడు ఆపలేడు!"

ఢాం! రివాల్వర్ పేలుతుంది.

కారు కరెంటు స్తంభానికి గుద్దుకుని పక్కకి ఒరిగిపోతుంది.

మెకానిక్ మోకాళ్ల మీద పడి, పగిలిన అద్దం దగ్గర చెవి పెడతాడు. తమ్ముడి ఊపిరి కోసం వింటాడు.

గాల్లో కుడి చక్రం తిరుగుతోంది. గర్ర్... గర్ర్...

ఇంకేమీ వినపడదు.

కాసేపటికి అదీ ఆగిపోతుంది.