అచ్చయితే చెల్లెలు

అంబన్ దీవి బజారులో వాన జోరుగా పడుతోంది. పత్రికను నెత్తిన కప్పుకుని పరుగెత్తుకొచ్చిన ఫెన్నీ, దాన్ని యోపి కాఫీ గ్లాసు పక్కన దబ్బున పడేసింది. ఇద్దరూ విలేకరులే, పోటీ పత్రికల్లో.

"'రెండూళ్ల యుద్ధం, ఏరులై పారిన రక్తం'! నీ రాతేగా ఇది?"

"హెడ్డింగ్ మా ఎడిటర్‌ది."

"రక్తం కారింది ఒక్కడి ముక్కునుంచి! అదీ ఫుట్‌బాల్ తగిలి! నీ పుణ్యమా అని ఇప్పుడు మా హలావైలో కత్తులు నూరుతున్నారు, మీ నురులతులో రాళ్లు పోగేస్తున్నారు. కొట్టుకున్నారని రాశావు సరే, ఎవరు ఆపగలరో కనుక్కున్నావా?"

యోపికి కోపం రావాలి. తడిసిన ఆ ముంగురులు చూస్తుంటే రాలేదు. ఆర్నెల్లుగా అతని అవస్థ ఇదే.

మర్నాడు కనుక్కోవడానికే బయల్దేరాడు. రెండూళ్ల ముసలివాళ్లందర్నీ కదిపితే, నూరేళ్లకు దగ్గరపడిన ఒకావిడ గుట్టు విప్పింది. ఏనాడో మునిగిపోతున్న హలావై పడవను నురులతువాళ్లు కాపాడారట. పెద్దలు సారాలో రెండూళ్ల నెత్తురు కలిపి తాగి, పేలా అనే ఒట్టు పెట్టుకున్నారట.

పేలా ఊళ్లవాళ్లు తోబుట్టువులు. కొట్టుకోకూడదు. పెళ్లీ చేసుకోకూడదు. యోపి నెత్తిన పిడుగు పడ్డట్టయింది.

రాసిన కాగితం పట్టుకుని ఫెన్నీ దగ్గరికెళ్లాడు.

"ఇది అచ్చయితే గొడవ ఆగుతుంది. కానీ నువ్వు నాకు చెల్లెలివవుతావు. నాకేమో... నువ్వంటే ప్రాణం, ఫెన్నీ."

ఆమె పెదవి బిగబట్టి తలొంచుకుంది. "ముందు ఊళ్ల సంగతి చూడు, అన్నయ్యా."

ఆ 'అన్నయ్యా' గుండెలో దిగింది. అయినా అచ్చుకిచ్చాడు.

వారం తిరక్కుండా రెండూళ్లవాళ్లూ పొలిమేరలో ఆకులు పరిచి, బారుగా కూర్చుని భోజనాలు చేశారు. అందరూ సాగో జావ, చేపల పులుసు జుర్రుతుంటే యోపి తన ఆకు పక్కకు నెట్టాడు. ఫెన్నీ వచ్చి పక్కన చతికిలబడింది.

"హలావై మా అమ్మమ్మ ఊరు. ఉద్యోగం కోసం ఆవిడింట్లో ఉంటున్నా. మా నాన్నది సపరువా దీవి. పేలా తండ్రి ఊరితోనే వస్తుందని తెలీదా?"

యోపి గిర్రున ఆమెవైపు తిరిగాడు.

"ఏ ఊరివాళ్లో తెలియాలని పలకరింపుకన్నా ముందు ఇంటిపేరడిగే ఊళ్లో పుట్టి, ఆర్నెల్లు నా వెంట తిరిగి, అదొక్కటీ అడగలేదు. ఏం విలేకరివయ్యా బాబూ!"

"రాక్షసీ! ఆ రోజే చెప్పొచ్చుగా!"

"చెప్పాక ఎవడైనా అచ్చేస్తాడు. చెప్పకపోతే నువ్వేం చేస్తావో చూడాలనిపించింది." ఆమె కళ్లలో నీళ్లు, పెదవులమీద నవ్వు. "నా ఇంటిపేరు సహెతపి. త్వరగా రాసుకో, మార్చుకోబోతున్నా."