ఆనుడుగోడ

నాలుగో గోడను తెల్లబరిచి వరహాలమ్మ చెరుపుబండిని చేపలరేవు వైపు తిప్పింది. పట్నంలో ప్రతి గోడా ఏదో ఒక కళోద్యమానిదే. నలభై రోజుల్లో ఎందరు ఎంతసేపు చూశారో చూపుమీటరు చెబుతుంది. చూపులు చాలకపోతే గోడ తెల్లబడి మరో ఉద్యమం చేతికి పోతుంది. పన్నెండేళ్లుగా ఆమెకిదే ఉద్యోగం. ఇష్టమే, దాపరికమెందుకు! శుభ్రమైన గోడను చూస్తే ఇల్లు అలికినంత హాయి ఆమెకు.

రేవుగోడ అరుగుడువాదులది. జనం వాడి వాడి అరగ్గొట్టిందే బొమ్మ అని వాళ్ల వాదన. అందుకని చేతికి అంటుకునే నీలిసున్నం పూసి వెళ్లిపోయారు. మీటరు చూస్తే పదకొండే చూపులు.

"లేవండమ్మా, గోడ చెరపాలి."

గోడకు చేరగిలబడి చేపలు కోస్తున్న ఆడవాళ్లు తలెత్తారు. "ఓలమ్మో, దీన్నే?" అంది వాళ్లలో పెద్దది నూకాలు. "పొద్దల్లా దీన్నే ఆనుకుని కూకుంటాం గదమ్మా!"

"మరి ఒక్కరూ చూడరేం?"

"వీపుకి కళ్లుంటాయేటి?"

అందరూ పకపకా నవ్వారు. వరహాలమ్మకూ నవ్వాగలేదు. వాళ్లు లేచి పక్కకు జరిగాక గోడంతా కనబడింది. నీలంలో వరసగా, వీపుల ఆకారంలో అరిగిన తెల్లటి మచ్చలు.

నూకాలు ఒక మచ్చ మీద అరచెయ్యి పెట్టింది. "ఇది మాయమ్మది. పదిరోజులనాడు పోయింది. పొటోలున్నాయి గానీ, పొటోని ఆనుకుని కూకోలేం గదా."

వరహాలమ్మ చెరుపుబండి మీట మీది చెయ్యి తీసేసింది. చూపుమీటరులో 'ఇతర కొలతలు' అనే గడి ఒకటుంది. ఇన్నేళ్లలో ఎవరూ నింపిన పాపాన పోలేదు. మచ్చలన్నీ లెక్కపెట్టి అందులో రాసింది: ఆనుకున్న వీపులు, ఇరవై ఒకటి.

గోడలన్నిటి లెక్కా చూసే యంత్రం కాసేపు ఆలోచించి ఒప్పుకుంది. ఆ వెంటనే పట్నంలోని మిగతా గోడలకూ వీపులు వెతకడం మొదలుపెట్టింది.

రెండు నిమిషాలు తిరక్కముందే పర్యవేక్షకుడు సోమయాజులు ఫోను. "ఏం చేశావమ్మా! మూడొందల గోడల పని ఆగిపోయింది. బహుమతి వచ్చిన గోడకు వీపులు సున్నా అంటోంది, దాన్ని చెరపమంటోంది! ఆ లెక్క తీసెయ్, వెంటనే!"

నూకాలు పక్కన కాస్త చోటుంది. వరహాలమ్మ బండి ఆపి, అక్కడ చతికిలబడి, తీరిగ్గా వెనక్కి వాలింది. ఎండకు గోడ గోరువెచ్చగా ఉంది.

"ఇరవై రెండు చేసుకోండి సార్," అంది.