ఏడో నంబరు జెండా

పెదవేగి దాటాక, పామాయిల్ తోటల నడుమ ఉన్న గోల్ఫు మైదానంలో ఏడో నంబరు కన్నం దగ్గరికి చీకటి పడితే ఎవరూ పోరండీ. అక్కడ దొర తిరుగుతాడని పేరు.

దొరంటే ఎప్పుడో తెల్లవాళ్ళ కాలంలో చనిపోయిన కాలవల ఇంజినీరు. ఆవులు మేసే బీడులో ఆ ఆటస్థలం గీసింది ఆయనే. ఏలూరు ప్లీడర్లు పంచెలు ఎగ్గట్టి సైకిళ్ళ మీద వచ్చి ఆడేవారట, అది వేరే కథ. గోల్ఫు తెగువకీ భయానికీ మధ్య బేరం. ఏడో నంబరులో ఎడమపక్క పొలాలకు నీరు పారే పంటబోదె. బోదె అంచున బంతి కొట్టడానికి తెగించినవాడికి ముందు దారి తెరిచి ఉంటుంది. భయపడి కుడికి కొట్టినవాడికి ఇసక గొయ్యి అడ్డం. అయితే బంతి పడాల్సిన కన్నంలో పాతే జెండా ఆ గొయ్యి వెనక ఉంటేనే దొర ఎత్తు పారేది.

2004లో క్లబ్బు సెక్రటరీ మధుబాబుగారు ఎప్పుడూ కుడికి కొట్టే మనిషి. ఆదివారం కప్పు పోటీ. జెండా గొయ్యికి దూరంగా, బయల్లో పెట్టమన్నారు.

పాత కన్నం పూడ్చి, కొత్తది తవ్వి, జెండా పాతడం మైదానం కూలీ వెస్లీ పని. చెప్పినచోటే పాతాడు. తెల్లారేసరికి... జెండా గొయ్యి వెనక. అతను తవ్విన కన్నం జాడైనా లేదు. మూడు రోజులు ఇదే వరస.

రేపు కదిలితే ఇక రానక్కర్లేదన్నారు మధుబాబుగారు. పదకొండేళ్ళ దినకూలీ తర్వాత వెస్లీ పర్మనెంటు కాగితం ఆయన బల్ల మీదే ఉంది, సంతకమే తరువాయి.

శనివారం రాత్రి వెస్లీ కాపలా కూర్చున్నాడు. ధైర్యానికి చర్చి కీర్తన అందుకున్నాడు. రెండో చరణానికే మానేశాడు.

రెండు దాటింది. కునుకు పట్టింది... కళ్ళు తెరిచేసరికి — తెల్లగా ఏదో పచ్చిక మీద వంగి ఉంది. నేల తడుముతోంది. తప్... తప్...

టార్చి నొక్కాడు. వెలగలేదు. అరచేత్తో చరిచాడు. వెలిగింది.

తెల్లచీరలో రూతమ్మ. కంచె పక్కన గుడిసెలో ఉంటూ ముప్ఫై ఏళ్ళుగా అక్కడ గడ్డి కోసే ముసలామె.

వెస్లీకి నవ్వాగలేదు. కడుపు పట్టుకుని కూలబడ్డాడు. ఎందుకో తెలియకపోయినా ఆవిడా నవ్వింది.

"ఎంత పని చేశావు మామ్మా. నా ఉద్యోగం పోయేది."

"పోకూడదనే నాయనా. నువ్వు రాత్రిళ్ళు ఆ గొయ్యి వెనక తవ్వుకుంటున్నావు గదా. ఈ కన్నం వదిలేస్తే ఎవరి కాలైనా పడి నీ మీదకొస్తుందని, గడ్డిపెళ్ళ పెట్టి పూడుస్తున్నాను."

నవ్వు... ఆగింది.

"నేను తవ్వట్లేదు మామ్మా."

టార్చి మెల్లగా తిప్పాడు. గొయ్యి వెనక జెండా. దాని మొదట్లో గుండ్రంగా కొత్త కన్నం, అంచు చెమ్మ ఆరలేదు. చుట్టూ మంచు పట్టిన గడ్డి మీద ఒక్క అడుగు గుర్తు లేదు.

తెల్లారేలోపు దాన్ని మళ్ళీ బయల్లోకి మార్చాలి. వెస్లీ ఒక్కడుగు ముందుకేశాడు.

జెండా కర్ర... జానెడు పైకి లేచింది. బంతి దొర్లుకొస్తుంటే పక్కవాడు జెండా తీసి పట్టుకుంటాడు చూడండి — అలా, గాల్లో, ఓపిగ్గా ఆగింది.

"పర్మనెంటు పోతే పోయింది" అన్నాడు వెస్లీ.

ఇద్దరూ ఒకటే పరుగు. డెబ్బై ఏళ్ళ రూతమ్మే ముందు.