పిల్లి ఎవరి చేతిలో ఉంటే...

రెండువేల తొంభై ఒకటి నాటికి కోనసీమలో పిల్లో కుక్కో లేని ఇల్లు లేదు. ప్రేమ పొంగిపొర్లి కాదు లెండి, ప్రాణభయం! ఒంట్లో మైక్రోచిప్ పెట్టించుకోమంటే "మేమేమన్నా పశువులమా?" అని జనం ఎగిరిపడ్డారు. సరే, పశువులకే పెడదామంది శాస్త్రవేత్త వకుళ. బియ్యపు గింజంత చిప్. మెడ దగ్గర చర్మం కింద పెడితే చాలు, ఆ జంతువు ఎవరిది, ఎక్కడుంది, గుండె కొట్టుకుంటోందా లేదా, అన్నీ ఉపగ్రహానికి చెబుతుంది. జనం దాన్ని ఆనవాలు గింజ అన్నారు. వరదొస్తే 'సరంగు' అనే యంత్రం చిన్న పడవ నడుపుకుంటూ ఆ గింజ దగ్గరికి పోతుంది. పెంచినవాడు తన జంతువును వదలడు కాబట్టి, అది దొరికితే మనిషీ దొరికినట్టే. వకుళ లెక్క అది.

ఇప్పుడా లెక్క మీదే ఆమె మొగుడి ప్రాణం వేలాడుతోంది. గోదావరి మధ్య లంకలో పూలతోట చూడ్డానికి వెళ్లిన భీమశంకరం వరదలో చిక్కుకున్నాడు. ఫోను మూగబోయింది. వెంట ఉన్నది మిరియం అనే నల్లపిల్లి ఒక్కటే. గాలికి మనుషులు నడిపే పడవలు కదలడం లేదు. రాజమండ్రి రక్షణ కేంద్రంలో తెర ముందు కూర్చున్న వకుళ పొద్దుట్నుంచి కుర్చీ దిగలేదు.

"గింజ దొరికింది. గుండె కొట్టుకుంటోంది. వెళ్తున్నాను," అంది సరంగు.

వకుళకు ప్రాణం లేచొచ్చింది. తెర మీద చుక్క కదులుతోంది, ఆగుతోంది, మళ్లీ కదులుతోంది.

"ఒక్కచోట కుదురుగా ఉండవేం శంకరం!" అని విసుక్కుంది.

పడవ కెమెరాలో ఓ స్కూలు మిద్దె కనిపించింది. చొక్కాలో పిల్లిని దోపుకున్న మనిషి పడవలోకి దూకాడు. శంకరం కాదు. ఎవరో దిట్టమైన మనిషి, మొహం నిండా గోళ్ల గీతలు.

"యజమాని గారి పేరు?" అడిగింది సరంగు.

"భీమశంకరమండి. ఆయ్, నా పిల్లేనండి ఇది."

"పేరు సరిపోయింది. భీమశంకరం గారు క్షేమం. వెతుకులాట ముగించాను."

వకుళ దిగ్గున లేచి మైకు అందుకుంది. ఏమీ ఎరగనట్టు అడిగింది. "మీ ఇంట్లో ఎవరెవరున్నారండీ?"

"మా ఆవిడండి. పెద్ద సైంటిస్టు. ఈ గింజ కనిపెట్టింది ఆవిడేనండి బాబూ! నేనెక్కడున్నా వెతికించేస్తదండి."

ఆ ధీమా శంకరానిది. ఆ మాటలూ శంకరానివే. నీళ్ల మధ్య కూర్చుని పక్కవాడికి ధైర్యం చెప్పి ఉంటాడు, పిచ్చి మారాజు. వకుళకు ఏడుపూ కోపం ఒక్కసారే పొంగుకొచ్చాయి.

"ఆ ఆవిడ నేనే. నా మొగుణ్ని ఏం చేశావు?"

అతను కెమెరా కేసి తిరిగాడు. "చంపలేదమ్మా, ఒట్టు! కొబ్బరి గోడౌన్ మీదున్నారు. పిల్లిని లాక్కుని ఈదుకొచ్చేశానంతే. అక్కడ నీళ్లు మోకాళ్ల దాకా వచ్చేశాయి..."

"సరంగూ, పడవ వెనక్కి తిప్పు!"

"క్షమించాలి. యజమాని మాట మీదే తిరుగుతాను. పెద్దమనుషులు పడవల్ని తమ బంగళాలకు మళ్లించుకుంటున్నారని ఆ నియమం పెట్టింది మీరే."

"వాడు యజమాని కాదు!"

"పిల్లి ఆయన చేతిలో ఉంది. పేరూ చెప్పారు. వరదలో అంతకంటే రుజువు అడగొద్దన్నదీ మీరే. యజమాని గారూ, వెనక్కి తిప్పమంటారా? ఇంకొకరికి చోటుంది. కానీ గాలి పెరుగుతోంది."

వకుళ తెరకు రెండు చేతులూ జోడించింది. "నీకు దణ్ణం పెడతాను బాబూ. తిప్పమను, చాలు. నిన్నేమీ అనను. నీ పేరు కూడా అడగను."

అతను వెనక్కి తిరిగి చూశాడు. ఎర్రటి నీళ్లు సుడులు తిరుగుతున్నాయి.

"నాకూ ఇద్దరాడపిల్లలున్నారమ్మా," అన్నాడు. ఏడుస్తున్నాడు కూడా. మిరియం గోడౌన్ వైపు మెడ సాచి అరుస్తూ పెనుగులాడుతోంది. అతను దాన్ని రెండు చేతులా గట్టిగా అదుముకున్నాడు.

"ముందుకే పోనీ."

"చిత్తం, భీమశంకరం గారూ," అంది సరంగు.