సిగ్నల్ నిండుగా ఉంది

పొద్దున్నే నోటినిండా పేస్టు నురగ పెట్టుకుని కుళాయి కింద దోసిలి పట్టి నిలబడితే, కుళాయి గొంతు సవరించుకుని "నెట్‌వర్క్ లేదు, కాసేపాగి ప్రయత్నించండి" అంటే ఎలా ఉంటుంది? జశ్విత్‌గారికి మూడు రోజులుగా అలాగే ఉంది. పుక్కిలించడానికి సిగ్నలెందుకో ఆయనకి అర్థం కాదు. తాతగారి రోజుల్లో కుళాయికి తల ఉండేదట. తిప్పితే నీళ్లొచ్చేవట. 2071 నాటికి ఆ తల పీకేసి దానికి తెలివి పెట్టారు. ఎదురుగా ఉన్న మనిషెవరో, అతని బీపీకి ఎంత వెచ్చటి నీళ్లు సరిపడతాయో అది తరంగిణి నెట్‌వర్క్‌ని అడిగి గానీ చుక్క వదలదు. ఆ తరంగిణి బుధవారం పొద్దున్న పడిపోయింది. దాంతోపాటు స్టవ్వు, లిఫ్టు, వీధి తలుపు, బియ్యం డబ్బా మూత కూడా పడిపోయాయి. ఫ్రిజ్జు మాత్రం తెరుచుకుంటోంది గానీ లోపల ఏముందో చెప్పడం మానేసింది. వంగి చూసుకోవాల్సొస్తోంది.

జశ్విత్‌గారు నురగంతా తువాలుకి తుడుచుకుని, నెట్‌వర్క్ వాళ్లని మనసులోనే తిట్టుకున్నారు. ఆయన ఎవర్ని తిట్టినా మనసులోనే తిడతారు. యాభై రెండేళ్లవాడు, కాకినాడలో ఎగుమతుల ఆఫీసులో సూపరింటెండెంటు, నున్నటి బట్టతల. ఆ పేరు పెట్టిన రోజుల్లో ఆయన ఉయ్యాల్లో ఉన్నారు కాబట్టి ముద్దుగానే ఉండేది.

అసలు బాధ కుళాయి కాదు. భార్య లాస్యగారు మంగళవారం సాయంత్రం పిఠాపురంలో చెల్లెలింటికి వెళ్లిపోయారు. కారణం ఒక స్టీలు క్యారేజీ. నాలుగు గిన్నెలది, మూత మీద "శిరీష, ఎం.సి.ఎ., కాకినాడ" అని చెక్కి ఉంటుంది. శిరీషంటే లాస్యగారి తల్లి. ఇప్పుడు లేరు. ఆవిడ చదువు, ఆవిడ ఊరు, ఆవిడ పేరు ఒకేచోట మిగిలిన వస్తువు అదొక్కటే. అందులో జశ్విత్‌గారు సంక్రాంతి వెళ్లిన కొత్తలో ఆఫీసు మోక్షిత్‌గారికి పనసపొట్టు కూర పెట్టిచ్చారు. కూర బ్రహ్మాండంగా ఉందన్న కబురు మర్నాడే వచ్చింది. క్యారేజీ రాలేదు.

"అడిగారా?" అని లాస్యగారు అడిగేవారు.

"రేపడుగుతాను. ఇవాళ ఆయనకి తలనొప్పిగా ఉంది."

వానలు మొదలయ్యేదాకా మోక్షిత్‌గారి తలనొప్పి తగ్గలేదు. మంగళవారం బస్సెక్కుతూ లాస్యగారు ఒకే మాటన్నారు. "రేపు పొద్దున్న ఫోన్ చెయ్యండి. అడిగితే అడిగానని చెప్పండి. నోరు రాకపోతే రాలేదని చెప్పండి. అదీ నాకు చాలు. నేను ఇంటికి రావాలో అక్కర్లేదో ఆ ఫోన్ని బట్టి ఉంటుంది."

మర్నాడు పొద్దున్నే నెట్‌వర్క్ పోయింది.

అప్పట్నుంచీ జశ్విత్‌గారు కనిపించినవాళ్లందరికీ చెబుతున్నారు, నెట్‌వర్కే ఉంటే ఈపాటికి మాట్లాడేసేవాణ్ణని. చెప్పి చెప్పి తనే గట్టిగా నమ్మేశారు. పిఠాపురం బస్సులో అరగంట దారి. బస్సులు సుబ్బరంగా తిరుగుతున్నాయి. ఆ సంగతి ఆయనకి తట్టలేదంటే మనం నమ్మాలి మరి.

శుక్రవారం ఆఫీసుకి సెలవు పెట్టి మెయిన్‌రోడ్డులో తరంగిణి సేవాకేంద్రానికి వెళ్లారు. క్యూ మెట్లు దిగి, చెప్పుల కొట్టు దాటి, టిఫిను బండి దాకా వచ్చింది. బండివాడు మాత్రం నెట్‌వర్క్ ఇంకో వారం రాకూడదని కోరుకుంటున్న మొహంతో పెసరట్లు తిప్పుతున్నాడు.

"ఏంటండీ ఇది, మనుషులు బతకాలా అక్కర్లేదా?" అంటున్నాడు ముందున్నాయన.

"మా ఆవిడ బాత్రూంలో ఉండగా తలుపు పడిపోయిందండి. గంట సేపు!" అన్నాడు ఇంకొకాయన.

"అయ్యో! మరెలాగండీ?"

"నాకైతే ప్రశాంతంగానే ఉందండి. ఆవిడే..."

లోపల ఎత్తయిన బల్ల మీద రాగి పలక, పైన ఒక కటకం, పక్కన స్పీకరు ఉన్న యంత్రం పెట్టారు. దాని పక్కన పాతికేళ్ల అమ్మాయి నిలబడి ఉంది. ఆవిడ దాన్ని తయారు చేసిన శాస్త్రవేత్త, డాక్టర్ వెంకాయమ్మ. ఈ కాలప్పిల్లలకి అవే ఫ్యాషన్ పేర్లు.

"అందరూ వినండి," అంది ఆ అమ్మాయి. "ఉప్పాడ సముద్రం మీద ఒక బెలూన్ ఎగరేశాం. దాంతో కొన్ని లైన్లు మాత్రమే తాత్కాలికంగా ఇవ్వగలం. ఎవరికి అత్యవసరమో వాళ్లకే ఇద్దామని మొదటిరోజు నోటిమాట మీద వదిలాం. మధ్యాహ్నం అయ్యేసరికి కాకినాడ ఆస్పత్రుల్లో ఉన్న మంచాలకంటే ఐసీయూలో ఉన్న అమ్మలు ఎక్కువయ్యారు. అందుకని ఈ చిరాకుమాపకం తెచ్చాం. ఇంగ్లీషులో అఫెక్ట్ మీటర్ అంటాం."

అది పనిచేసే తీరు ఇలా ఉంటుంది. పలక మీద అరచెయ్యి పెట్టి ఫిర్యాదు చెప్పుకోవాలి. నాడి, చెమట, కంటిపాప, గొంతులో వణుకు, అన్నీ కలిపి మనిషిలో మొత్తం చిరాకెంతో యంత్రం తూస్తుంది. ఆ తర్వాత "నెట్‌వర్క్ వచ్చేసిందనుకోండి" అంటుంది. అనుకోగానే ఎంత చిరాకు దిగితే అంత నెట్‌వర్క్ ఖాతాలోది. దిగకుండా మిగిలింది ఇంకెవరిదో. ఇల్లు, ఆఫీసు, చుట్టాలు, పక్కింటివాళ్లు అంటూ మాటలు వదిలి, నాడి ఎక్కడ ఎగిరిందో, చూపు ఎటు పోయిందో పట్టుకుని ఆ ఇంకెవరో కూడా చెప్పేస్తుంది. ఫిర్యాదు తోసిపుచ్చితే కారణం వినియోగదారుడికి స్పష్టంగా వినబడేలా చెప్పి తీరాలని చట్టం.

మొదట ఒక పెద్దాయన వెళ్లాడు. అంతదాకా కంపెనీని మూయించేస్తానని కేకలేసింది ఆయనే. పలక మీద చెయ్యి పెట్టాడు.

"గౌరవనీయ వినియోగదారులకు నమస్కారం," అంది యంత్రం, వీధి చివరిదాకా వినబడేలా. "నెట్‌వర్క్ మీద మీ చిరాకు అతి స్వల్పం. అసలు కారణం, మీ కారు పెట్టుకునే చోట మూడో అంతస్తువారు పెట్టిన పూలకుండీ. ఫిర్యాదు తిరస్కరించడమైనది."

పెద్దాయన చెయ్యి తీసి లుంగీకి తుడుచుకుని, ఎవరివైపూ చూడకుండా మెట్లు దిగిపోయాడు.

తర్వాత ఒకావిడ. "కారణం, మీ తోటికోడలు గృహప్రవేశం." ఆ వెనక ఒక కుర్రాడు. "కారణం, ఆకలి." కుర్రాడు నిజాయితీపరుడు, తిన్నగా పెసరట్ల బండి దగ్గరికి వెళ్లాడు.

"కాస్త మెల్లిగా చెప్పవే, జనం నవ్వుతున్నారు," అని వెంకాయమ్మ యంత్రాన్ని బతిమాలింది.

"వాల్యూమ్ మార్చడానికి నెట్‌వర్క్ అవసరమండి," అంది యంత్రం.

క్యూ చకచకా తరగడం మొదలైంది. తమ చిరాకు ఎవరి మీదో ముందే తెలిసినవాళ్లు గుట్టుగా తప్పుకుంటున్నారు. జశ్విత్‌గారు తప్పుకోలేదు. తన కేసు గట్టిదని ఆయన ధైర్యం. భార్యతో మాట్లాడాలనుకోవడం కంటే నికార్సయిన కారణం ఏముంటుంది?

"ఏవండోయ్ జశ్విత్‌గారూ! మీరూ దయచేశారా!"

తిరిగి చూస్తే వెనకాలే మోక్షిత్‌గారు. చేతిలో క్యారేజీ. నాలుగు గిన్నెలది. మూత మీద శిరీష, ఎం.సి.ఎ.

"ఎంతసేపవుద్దో అని భోజనం తెచ్చేసుకున్నానండి," అన్నారు మోక్షిత్‌గారు. "ఏం క్యారేజీ అండీ ఇది! పొద్దున్న పెట్టిన పప్పు సాయంత్రానికీ వెచ్చగానే ఉంటది. ఇప్పుడిలాంటి గట్టి సరుకు దొరకట్లేదండి."

జశ్విత్‌గారి నాలిక మీదికి మాట వచ్చింది. పళ్ల దాకా కూడా వచ్చింది. అక్కడాగి, వేషం మార్చుకుని బయటికొచ్చింది. "అవునండీ, దొరకట్లేదు."

సరిగ్గా అప్పుడే ముందు నుంచి తెలిసిన గొంతు వినిపించింది. చూస్తే పలక మీద చెయ్యి పెట్టి ఉన్నది లాస్యగారు. పిఠాపురంలో సేవాకేంద్రం లేదు, అందుకని పొద్దున్న బస్సుకి వచ్చినట్టున్నారు.

"మావారు ఫోన్ చేస్తానన్నారు. మూడు రోజులైంది. అవతల ఎంత కొట్టుకుంటున్నారో ఏమో," అన్నారావిడ.

"నెట్‌వర్క్ వచ్చేసిందనుకోండి," అంది యంత్రం.

హాలంతా చెవులు రిక్కించింది.

"గౌరవనీయ వినియోగదారులకు నమస్కారం. మీ చిరాకు పూర్తిగా దిగిపోయింది. ఇతర కారణాలు లేవు. భర్త ఫోన్ చేయడానికి ప్రయత్నిస్తూనే ఉన్నారని మీ గట్టి నమ్మకం. లైను మంజూరైనది."

ఆ రోజుకి అదే మొదటి మంజూరు. జనం చప్పట్లు కొట్టారు. ఒక ముసలావిడ కళ్లొత్తుకుంది. వెంకాయమ్మకి తన యంత్రం మీద అప్పటిదాకా లేని గౌరవం కలిగింది.

లాస్యగారు పక్కకి జరిగి, ఇటు తిరిగి, ఆయన్ని చూశారు. ఆవిడ మొహం విచ్చుకుంది.

"ఏవండీ! మీరూ వచ్చేశారా! నాకు తెలుసు, వస్తారని."

జశ్విత్‌గారు నవ్వారు. నవ్వుతూనే క్యూ లెక్కపెట్టారు. ముందు ఇంకా ముగ్గురే ఉన్నారు. మార్గం ఒక్కటే. ఈ ముగ్గురూ అయ్యేలోపు వెనక్కి తిరిగి "మోక్షిత్‌గారూ, అది మా అత్తగారి క్యారేజీ, ఇచ్చేయండి" అంటే చాలు. క్యారేజీ చేతికొస్తుంది, భార్య ఇంటికొస్తుంది, యంత్రంతో పనే ఉండదు. ఆయన వెనక్కి తిరిగారు.

"మోక్షిత్‌గారూ..."

"చెప్పండి."

"అదీ... పప్పేం పప్పండీ?"

"దోసకాయండి. వెయ్యమంటారా?"

"అబ్బే, వద్దండి."

ముగ్గురూ అయిపోయారు. "నాకు అంత అర్జెంటేం కాదండి, ముందు మోక్షిత్‌గారిని వెళ్లమనండి," అని జశ్విత్‌గారు పక్కకి తప్పుకోబోయారు. మర్యాద విషయంలో మోక్షిత్‌గారు కూడా తీసిపోరు. "అదేంటండీ, ముందు మీరే!" అని భుజం పట్టి పలక ముందుకి తోశారు. లాస్యగారు దగ్గరికొచ్చి, తమ పెళ్లిఫొటోలో లాగ నిలబడ్డారు.

"చెప్పండి సార్," అంది వెంకాయమ్మ.

"ఫోన్ చెయ్యాలండి. మా ఆవిడకి. మూడు రోజుల్నుంచి ప్రాణం కొట్టుకుంటోంది."

"నెట్‌వర్క్ వచ్చేసిందనుకోండి," అంది యంత్రం.

ఆయన అనుకున్నారు. అనుకోకుండా ఉందామని చాలా ప్రయత్నించి మరీ అనుకున్నారు.

వెంకాయమ్మ యంత్రం వెనకున్న తెర మీదికి వంగి కళ్లు చిట్లించింది. ఎక్కడన్నా పరికరం చెడిందేమోనని వైరు లాగి మళ్లీ పెట్టింది.

"చిరాకు దిగాలి కదా, ఎక్కుతోందేంటి?" అంది తనలో తను.

"గౌరవనీయ వినియోగదారులకు నమస్కారం," అంది యంత్రం. "నెట్‌వర్క్ వచ్చేసిందనుకోగానే మీ గుండెదడ రెట్టింపైంది. నెట్‌వర్క్ లేనందుకు మీకు చిరాకు లేదు. ఉన్నది ఉపశమనం. ఫిర్యాదు తిరస్కరించడమైనది."

హాల్లో ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

"కోపం మాత్రం ఉంది," అని యంత్రం కొనసాగించింది, దానికి మొహమాటం నేర్పలేదు కాబట్టి. "చాలా పాతది. కారణం, మీ వెనక నిలబడ్డవారి చేతిలో ఉన్న స్టీలు క్యారేజీ."

అందరి తలలూ క్యారేజీ వైపు తిరిగాయి. మోక్షిత్‌గారు దాన్ని కొత్తగా చూస్తున్నట్టు చూసి, మూత మీద పేరు చదివి, నాలిక్కరుచుకున్నారు.

"అయ్యయ్యో! మీదా ఇది? మా ఇంట్లో ఎప్పట్నుంచో ఉంటే మా మేనత్తదనుకున్నానండి! ఒక్కమాట అడిగితే ఇచ్చేవాణ్ణి కదండీ!" అని పప్పుతో సహా రెండు చేతులా అందించారు.

ఇంత జరిగాక, ఇంతమంది చూస్తుండగా, ఎదురుగా భార్య నిలబడి ఉండగా, చేతికి అందుతున్న క్యారేజీని చూసి జశ్విత్‌గారి చేతులు ముందుకి వెళ్లాయి. నోరు వాటికంటే ముందు వెళ్లింది. యాభై రెండేళ్లుగా దానికి అలవాటైన దారి అది.

"అబ్బెబ్బే, ఎంతమాటండీ! మీ భోజనం అవనివ్వండి. అసలు మీరే ఉంచేసుకోండి."

"నిజంగానా?" అన్నారు మోక్షిత్‌గారు.

"నిజంగానండి. మా ఆవిడ కూడా ఏమీ అనుకోదు."

లాస్యగారు ఆయన్నీ, క్యారేజీనీ, యంత్రాన్నీ వరసగా చూసి, సంచి భుజానికి తగిలించుకున్నారు. లైను కలపడానికిచ్చిన తన ఫోను వెంకాయమ్మ చేతిలోంచి తీసుకున్నారు. ఆ హాలు మొత్తానికి పనిచేసే ఫోను అదొక్కటే.

"ఫోన్ చెయ్యండి," అన్నారు. "ఈసారి మా వైపు నుంచి ఇబ్బందేం లేదు."

పిఠాపురం బస్సు హారను వినిపించింది.

సాయంత్రం అయిదింటికి తరంగిణి లేచింది. ఊరంతా ఒక్కసారిగా కుళాయిలు మాట్లాడాయి, లిఫ్టులు కదిలాయి, బాత్రూం తలుపులు తెరుచుకున్నాయి. రోడ్డు మీద కుర్రాళ్లు టపాకాయలు కాల్చారు. అన్నిళ్లలోనూ జనం ఫోన్లు పట్టుకుని మూడు రోజులుగా తామెంత అవస్థ పడ్డారో చుట్టాలకి చెప్పుకుంటున్నారు. జశ్విత్‌గారింట్లో మాత్రం చప్పుడు లేదు. ఆయన సోఫాలో కూర్చుని ఫోను వైపు చూస్తున్నారు. సిగ్నల్ నిండుగా ఉంది. ఇంత నిండుగా ఎప్పుడూ లేదు. మధ్యలో రెండుసార్లు లేచి, ఎందుకైనా మంచిదని కుళాయి దగ్గరికి వెళ్లి చెయ్యి చాపి చూశారు. వెచ్చటి నీళ్లు, బీపీకి సరిపడా.

అదండీ పరిస్థితి. మనిషి మనసులో ఉన్నది బయటికి లాగే యంత్రం వచ్చింది గానీ, లాగినదాన్ని నోటితో చెప్పించే యంత్రం ఇంకా రాలేదు. వెంకాయమ్మని అడిగితే అది తన సబ్జెక్టు కాదంది. ఇక మీరే దిక్కు. నలుగురిలో "ఉంచేసుకోండి" అని ఇచ్చేసిన క్యారేజీని, అవతలివాడు నొచ్చుకోకుండా, ఇవతలివాడు చచ్చిపోకుండా మళ్లీ అడగడానికి ఏదైనా మాట మీకు తెలిసుంటే పుణ్యం కట్టుకుని చెప్పండి. అది తెలియకపోతే, భార్య ఫోన్ ఎత్తి "ఊఁ" అన్నాక మొదట అనాల్సిన మాటైనా చెప్పండి. కాస్త తొందరగా చెప్పండి బాబూ. ఆయన ఇప్పుడే నంబరు నొక్కారు. అవతల మోగుతోంది.